చివరి ఇంటికి ఎంత వాటా? 5జీ సెల్‌లో వనరుల పంపిణీని ఏఐకి నేర్పుతున్న ప్రాజెక్టు డైరీ

జూన్, రెండో వారం: పని పరిధి

టవర్ దగ్గరున్న స్పెక్ట్రమ్‌లో ఏ క్షణాన ఏ ఫోనుకు ఎంత ఇవ్వాలో తేల్చేది షెడ్యూలర్. ఆ నిర్ణయంలో కృత్రిమ మేధ ఎంతవరకు పనికొస్తుందో స్వయంగా చేసి చూడాలన్నది ఈ ప్రాజెక్టు ఉద్దేశం. వైర్‌లెస్ నెట్‌వర్కుల్లో వనరుల నిర్వహణ అంటే ప్రసార శక్తి, బీమ్‌ల దిశ, హ్యాండోవర్ (ఫోను ఒక టవర్ నుంచి మరో టవర్‌కు మారడం), స్లైసింగ్ (ఒకే నెట్‌వర్క్‌ను వేర్వేరు అవసరాలకు విడగొట్టడం) అన్నీ వస్తాయి. అన్నిటినీ ఒకేసారి తలకెత్తుకుంటే ఏ మార్పుకు ఏది కారణమో చెప్పలేని పరిస్థితి వస్తుంది కాబట్టి, ఒకే సెల్ (ఒక టవర్ పరిధి), డౌన్‌లింక్ (టవర్ నుంచి ఫోనుకు వచ్చే దారి) ఒక్కటే, షెడ్యూలింగ్ ఒక్కటే అని గీత గీసుకున్నాను.

మన దేశంలో 2022 అక్టోబరు 1న 5జీ సేవలు మొదలైనప్పటి నుంచి ఎక్కువ రద్దీ మోస్తున్నది 3300 నుంచి 3670 మెగాహెర్ట్జ్ మధ్యనున్న బ్యాండు. నా సిమ్యులేషన్ కూడా 3.5 గిగాహెర్ట్జ్ దగ్గరే నడుస్తుంది. అసలు నెట్‌వర్కుల్లో క్యారియర్ వెడల్పు చాలా ఎక్కువ ఉంటుంది గానీ, లెక్కలు త్వరగా సాగడానికీ, తరువాత బల్ల మీది రేడియో పరికరాలతో పోల్చుకోవడానికీ 20 మెగాహెర్ట్జ్ తీసుకున్నాను. సబ్‌క్యారియర్ల (బ్యాండులోని సన్నటి ఉప తరంగాల) మధ్య దూరం 30 కిలోహెర్ట్జ్ అయితే ఇందులో 51 రిసోర్స్ బ్లాకులు, అంటే ఫోన్లకు పంచే ముక్కలు, పడతాయి. ఒక్కో బ్లాకులో 12 సబ్‌క్యారియర్లు, ఒక్కో స్లాట్‌లో (ఒక్కో పంపిణీ విడతలో) 14 సింబళ్లు, అంటే వరసగా పంపే సంకేతాలు, స్లాట్ నిడివి అర మిల్లీసెకను. అంటే సెకనుకు 2000 సార్లు ఈ 51 బ్లాకులను ఫోన్ల మధ్య పంచాలి.

పరిసరంగా నగరాన్ని కాకుండా పల్లెను ఎంచుకోవడానికి కారణం ఉంది. నగరంలో టవర్లు దగ్గరదగ్గరగా ఉంటాయి. ఒకచోట సిగ్నల్ అందకపోతే పక్క టవర్ ఆదుకుంటుంది. రెండు మూడు ఊళ్లకు కలిపి ఒకే టవర్ ఉన్నచోట షెడ్యూలర్ తీసుకునే నిర్ణయానికి ప్రత్యామ్నాయం ఉండదు. మొబైల్ ప్రమాణాలు రూపొందించే 3జీపీపీ ఇచ్చిన గ్రామీణ ఛానల్ నమూనా టవర్ ఎత్తును 35 మీటర్లుగా, ఇళ్ల సగటు ఎత్తును 5 మీటర్లుగా తీసుకుంటుంది. అందులోని సూత్రం ప్రకారం టవర్‌కూ ఫోనుకూ మధ్య అడ్డు లేకుండా ఉండే సంభావ్యత కిలోమీటరు దూరంలో సుమారు 37 శాతం, మూడు కిలోమీటర్ల దూరంలో 5 శాతం మాత్రమే. మన పల్లెల్లో ఇప్పుడు రెండంతస్తుల డాబాలు మామూలైపోయాయి. కోనసీమ వంటి చోట్ల కొబ్బరి తోటల అడ్డూ ఉంటుంది, దానిని ఈ నమూనా విడిగా లెక్కించదు. అందువల్ల ఊరి చివరనున్న ఇంటికి ఈ నమూనా చూపే సిగ్నల్‌ను కొంత ఉదారమైన అంచనాగానే భావిస్తున్నాను.

జూన్, మూడో వారం: కాగితం మీద లెక్క

ఏ న్యూరల్ నెట్‌వర్క్‌నూ ముట్టుకోకముందు ఇద్దరే వినియోగదారులతో చేతి లెక్క ఒకటి వేశాను. తరువాత జరిగిన ప్రతిదానికీ ఈ లెక్కే గీటురాయి అయింది కాబట్టి వివరంగా రాసి పెడుతున్నాను.

ఒక ఫోను టవర్ పక్కనే ఉంది. దాని సీక్యూఐ, అంటే ఛానల్ ఎంత బాగుందో ఫోను టవర్‌కు పంపే అంకె, 15. రెండోది ఊరి చివర ఉంది. దాని సీక్యూఐ 3. 5జీ ప్రమాణంలోని 64-క్వామ్ (ఒక్కో సింబల్‌లో ఆరు బిట్ల దాకా ఇమిడ్చే పద్ధతి) పట్టిక ప్రకారం మొదటి ఫోనుకు ఒక్కో రిసోర్స్ ఎలిమెంట్‌లో (ఒక సబ్‌క్యారియర్ మీద ఒక సింబల్) 5.5547 బిట్లు, రెండోదానికి 0.3770 బిట్లు పంపవచ్చు. 51 బ్లాకులు, 12 సబ్‌క్యారియర్లు, 14 సింబళ్లు గుణిస్తే స్లాట్‌కు 8568 ఎలిమెంట్లు. నియంత్రణ సంకేతాలకూ అప్‌లింక్‌కూ (ఫోను నుంచి టవర్‌కు వెళ్లే దారి) పోయే వాటాను పక్కన పెడితే, మొత్తం సెల్‌ను దగ్గరి ఫోను ఒక్కదానికే ఇచ్చినప్పుడు సెకనుకు సుమారు 95.2 మెగాబిట్లు, చివరి ఫోను ఒక్కదానికే ఇచ్చినప్పుడు సుమారు 6.5 మెగాబిట్లు వస్తాయి.

ఇప్పుడు పంపిణీ. మొత్తం వేగమే లక్ష్యమైతే దగ్గరి ఫోనుకు 95.2, చివరిదానికి సున్నా. సమయాన్ని చెరి సగం చేస్తే 47.6, 3.2, మొత్తం 51 కంటే కొంచెం తక్కువ. ఇద్దరికీ ఒకే వేగం రావాలంటే చెరో 6 మెగాబిట్లు, మొత్తం 12 మాత్రమే. ఈ మూడింటిలో ఏది సరైనదో గణితం చెప్పదు. ఫ్రాంక్ కెల్లీ 1990ల చివర్లో ప్రతిపాదించిన ప్రొపోర్షనల్ ఫెయిర్ (దామాషా న్యాయం) పద్ధతి ఇలాంటి స్థిరమైన ఛానల్‌లో మధ్యదారైన చెరి సగం దగ్గర నిలుస్తుంది. మో, వాల్రాండ్ 2000లో ప్రచురించిన ఆల్ఫా సూత్రం ఈ దారులన్నిటినీ ఒకే గీత మీదికి తెస్తుంది: ఆల్ఫా సున్నా అయితే మొత్తం వేగం, ఒకటి అయితే ప్రొపోర్షనల్ ఫెయిర్, అనంతానికి పోతే అందరికీ సమాన వేగం. మన ఇద్దరికీ ఆల్ఫా 2 పెడితే 19.7, 5.1 వస్తాయి, 0.5 పెడితే 89.2, 0.4 వస్తాయి.

ఈ లెక్కలోనే ఇంకొక సంగతి బయటపడింది. న్యాయమైన పంపిణీని కొలవడానికి అందరూ వాడే జైన్ సూచిక 1984 నాటిది. ఇద్దరు వినియోగదారులున్నప్పుడు ఒకరికి అంతా ఇచ్చి మరొకరిని పస్తు పెడితే అది 0.5 చూపుతుంది, సమయాన్ని చెరి సగం ఇస్తే 0.57 చూపుతుంది. ఒక మనిషికి నెట్ అసలే లేకపోవడానికీ, 3 మెగాబిట్ల నెట్ ఉండటానికీ మధ్య ఈ సూచికలో తేడా 0.07 మాత్రమే! అందుకని ఈ ప్రాజెక్టులో జైన్ సూచికను నమోదు చేస్తాను గానీ దాని మీద ఆధారపడి నిర్ణయం తీసుకోను. అట్టడుగు 5 శాతం మందికి అందిన వేగం, చిన్న సందేశం ఒకటి ఎంతసేపు ఆగవలసి వచ్చిందన్నది, ఈ రెండే నా అసలు కొలమానాలు.

జూలై, మొదటి వారం: ఏజెంట్ మొదట నేర్చుకున్నది

సిమ్యులేటర్‌ను పైథాన్‌లో రాసి, రీఇన్‌ఫోర్స్‌మెంట్ లెర్నింగ్ ఏజెంట్‌కు, అంటే చేసిన పనికి వచ్చే రివార్డ్ (బహుమతి అంకె) చూసి నేర్చుకునే ప్రోగ్రాముకు, జిమ్నేజియం అనే లైబ్రరీ పద్ధతిలో అందించాను. ఏజెంట్ ప్రతి స్లాట్‌లోనూ అందరి సీక్యూఐలు, ఎవరి బఫర్‌లో (పంపవలసిన డేటా వేచి ఉండే చోటు) ఎంత డేటా ఉందన్నదీ చూస్తుంది. ఆ స్లాట్ ఎవరికో చెబుతుంది. శిక్షణకు పీపీఓ అల్గారిథమ్ వాడుతున్నాను. 2017లో ఓపెన్‌ఏఐ పరిశోధకులు ప్రకటించిన ఈ పద్ధతి కొత్త సమస్య మీద కూడా నిలకడగా నేర్చుకుంటుందని పేరు.

శిక్షణలో ఆధార రేఖ కోసం ముందుగా రివార్డ్‌ను మొత్తం వేగంగానే పెట్టాను. గ్రాఫు చక్కగా పైకి లేచింది, ప్రొపోర్షనల్ ఫెయిర్‌ను దాటింది, స్థిరపడింది. ఒక్కొక్క వినియోగదారు వారీగా విడదీసి చూస్తే, సీక్యూఐ తక్కువ ఉన్నవారికి ఒక్క స్లాట్ కూడా వెళ్లని నిడుపాటి ఖాళీలు కనిపించాయి. మా ల్యాబ్‌లో కోర్ నెట్‌వర్క్ చూసే మిత్రుడు గ్రాఫు చూసి, "మొత్తం వేగం పెరిగింది కదండీ, ఇంకేం కావాలి?" అని అడిగారు. వినియోగదారుల విడి పట్టిక తెరిచి చూపించాను. ఆయన కాసేపు చూసి, "అయితే దీనికి నేర్పడం అక్కర్లేదు, అందరిలో సీక్యూఐ ఎక్కువున్నవాడికి ఇవ్వమని ఒక్క లైను రాస్తే చాలు" అన్నారు. ఆ మాట అక్షరాలా నిజం. ఏజెంట్ అన్ని గంటల శిక్షణతో తిరిగి కనిపెట్టినది ఎప్పటినుంచో ఉన్న గరిష్ఠ వేగ షెడ్యూలర్‌నే.

కాలువ తలాపున ఉన్న పొలాలు తడిసినంత మాత్రాన ఆయకట్టు చివరి భూములకు నీరందినట్టు కాదు. మొత్తం ఎన్ని ఘనపుటడుగులు పారాయన్న లెక్క ఆ సంగతి చెప్పదు. కాబట్టి ఎవరికి ఎంత చెందాలన్నది రివార్డ్ రాసేవారే ముందుగా తేల్చుకోవాలి. న్యూరల్ నెట్‌వర్క్‌కు ఎన్ని పొరలు ఉన్నా, ఆ నిర్ణయాన్ని అది మన బదులు తీసుకోదు.

జూలై, చివరి వారం: బఫర్ ఎప్పుడూ నిండుగా ఉండదు

రివార్డ్‌ను ప్రతి వినియోగదారు సగటు వేగానికి లాగరిథమ్ తీసి, వాటి మొత్తంగా మార్చాను. సున్నా దగ్గర లాగరిథమ్ అనంతంగా కిందికి పడిపోతుంది కాబట్టి ఒక కనీస విలువ కింద అడ్డుకట్ట వేయవలసి వచ్చింది. అది లేకపోతే కొత్తగా చేరిన వినియోగదారు ఒక్కరి వల్లనే శిక్షణ ఊగిసలాడుతుంది. ఈ మార్పుతో పస్తులు పోయాయి. ఫలితం మాత్రం ప్రొపోర్షనల్ ఫెయిర్ దగ్గరే ఆగింది, అది సహజమే: ఆ షెడ్యూలర్ సాధించేది సరిగ్గా అదే లాగరిథమ్‌ల మొత్తాన్ని.

ముందుకు దారి చూపినది ట్రాఫిక్ నమూనా. అంతవరకు అందరి బఫర్లూ ఎప్పుడూ నిండుగా ఉన్నాయనే పరిశోధన పత్రాల సాధారణ ఊహతోనే శిక్షణ నడిపాను. అసలు ఊరిలో అలా ఉండదు. ఒకరు సినిమా చూస్తుంటారు, ఒకరు కిరాణా కొట్టు దగ్గర యూపీఐ చెల్లింపు చేస్తుంటారు, ఇంకొకరి ఫోను జేబులో నిద్రపోతుంటుంది.

చివరి ఇంటి ఫోనుకు 4 కిలోబైట్ల సందేశం ఒకటి రావాలనుకుందాం. సీక్యూఐ 3 దగ్గర పూర్తి స్లాట్ ఇస్తే 3230 బిట్లు, అంటే 400 బైట్ల పైచిలుకు వెళతాయి. మొత్తం సందేశానికి 11 స్లాట్లు, అయిదున్నర మిల్లీసెకన్లు చాలు. ఆ అయిదున్నర మిల్లీసెకన్లలో టవర్ పక్కనున్న ఫోను కోల్పోయేది సుమారు 65 కిలోబైట్లు. ముందుగా కొంత నిల్వ చేసుకుని వీడియో నడిపే ఫోనుకు అది లోటుగా కూడా కనిపించదు. బఫర్లు నిండుగా ఉన్నాయన్న ఊహలో చివరి ఇల్లు ఎప్పటికీ తీరని భారంగా కనిపిస్తుంది. నిజమైన ట్రాఫిక్‌లో అదే ఇల్లు చాలా చవకగా తీరే అవసరం. ఈ ప్రాజెక్టు మొత్తంలో నేను గట్టిగా చెప్పదలచుకున్న సంగతి ఏదైనా ఉంటే ఇదే: న్యూరల్ నెట్‌వర్క్‌కు ఏ పొరలు పెట్టామన్నదాని కంటే, ఏ ట్రాఫిక్ చూపించి శిక్షణ ఇచ్చామన్నది ఫలితాన్ని ఎక్కువగా శాసిస్తుంది.

దీనితో ముడిపడిన చిన్న సాంకేతిక విషయం ఒకటి. ప్రొపోర్షనల్ ఫెయిర్ షెడ్యూలర్ ప్రతి వినియోగదారుకూ గడచిన సగటు వేగాన్ని గుర్తుంచుకుంటుంది. కొత్త విలువకు ఇచ్చే బరువు 0.01 అయితే ఆ జ్ఞాపకం సుమారు 100 స్లాట్లు, అంటే 50 మిల్లీసెకన్లు. బఫర్ ఖాళీగా ఉన్నప్పుడు ఆ సగటును తగ్గిస్తూ పోవాలా, అక్కడే ఆపాలా? తగ్గిస్తూ పోతే, కొంతసేపు ఊరుకున్న వినియోగదారుకు సందేశం వచ్చిన క్షణంలో ప్రాధాన్యం దానంతట అదే పెరుగుతుంది. ఆపితే పెరగదు. చూడటానికి ఇది కోడ్‌లో ఒక షరతు మాత్రమే, కానీ చిన్న సందేశాల నిరీక్షణ మీద దీని ప్రభావం నా సిమ్యులేషన్లలో శిక్షణ పొందిన ఏజెంట్‌ను చేర్చడం వల్ల వచ్చిన ప్రభావం కంటే కూడా పెద్దది. అందుకే ఇకమీదట అన్ని షెడ్యూలర్లనూ సగటు తగ్గిస్తూ పోయే పద్ధతిలోనే పోలుస్తున్నాను.

ఆగస్టు, రెండో వారం: ఏజెంట్ స్థానం మారింది

ప్రతి అర మిల్లీసెకనుకూ న్యూరల్ నెట్‌వర్క్‌ను అడగడం సిమ్యులేటర్‌లో కుదురుతుంది, ఎందుకంటే అక్కడ కాలం మన కోసం ఆగుతుంది. బేస్ స్టేషన్‌లో ఆగదు. ఆ వ్యవధిలోనే డీకోడింగ్, పునఃప్రసారాలు, నియంత్రణ సంకేతాలు అన్నీ తయారు కావాలి. టవర్ వ్యవస్థలకు బహిరంగ ప్రమాణాలు రూపొందించడానికి 2018లో ఏర్పడిన ఓ-రాన్ అలయన్స్ నిర్మాణ క్రమంలో ఏఐ నిర్ణయాలకు కేటాయించిన చోటు వేరు: 10 మిల్లీసెకన్ల నుంచి ఒక సెకను వరకు ఉండే వలయానికి ఒక నియంత్రిక, సెకను దాటిన వలయానికి ఇంకొకటి. స్లాట్ స్థాయి నిర్ణయం బేస్ స్టేషన్ చేతిలోనే ఉంటుంది.

ఈ విభజన నాకు సమంజసంగా తోచింది. స్లాట్ వారీ పని పాత ప్రొపోర్షనల్ ఫెయిర్ సూత్రానికే వదిలి, ఏజెంట్‌ను పైమెట్టు మీద కూర్చోబెట్టాను. అది 100 మిల్లీసెకన్లకు ఒకసారి సెల్ పరిస్థితి చూసి ఆల్ఫా విలువ ఒక్కటి చెబుతుంది. షెడ్యూలర్ ఆ ఆల్ఫాతో, ఈ క్షణపు వేగాన్ని సగటు వేగపు ఆల్ఫా ఘాతంతో భాగించి, ఎక్కువ వచ్చినవారికి స్లాట్ ఇస్తుంది. ఏజెంట్ పొరపాటు పడినా నష్టం ఒక హద్దులోనే ఉండేలా ఆల్ఫాను 0.5 నుంచి 2 మధ్య కట్టేశాను. ఏ విలువ చెబితే ఎవరికి ఎంత పోతుందో జూన్‌లో వేసిన చేతి లెక్కతో ముందే తెలుసు కాబట్టి, దాని నిర్ణయాన్ని మనిషి చదివి అర్థం చేసుకోగలడు. స్లాట్‌కు స్లాట్ ఎవరిని ఎందుకు ఎంచుకుందో చెప్పలేని ఏజెంట్ కంటే దీని మీద నాకు నమ్మకం ఎక్కువ.

వినియోగదారుల సంఖ్య మారుతూ ఉండటం మరో చిక్కు. పది మందికి శిక్షణ ఇచ్చిన మామూలు నెట్‌వర్క్ పదకొండో మనిషి రాగానే పనికిరాదు. పైగా అదే మనుషులను వేరే వరసలో ఇస్తే వేరే జవాబు చెబుతుంది. దీనికి విరుగుడుగా ప్రతి వినియోగదారు వివరాలనూ ఒకే చిన్న నెట్‌వర్క్ గుండా పంపి, వచ్చిన వాటి సగటునూ గరిష్ఠాన్నీ తీసుకుని, వాటి మీద ఆల్ఫాను లెక్కించే అమరిక పెట్టాను. ఇప్పుడు వరస మారినా, సంఖ్య మారినా ఇబ్బంది లేదు. సగటు ఒక్కటే తీసుకుంటే చివరి ఇల్లు మిగతావారిలో కలిసిపోతుంది. ఎక్కువసేపు ఎదురుచూస్తున్నది ఎవరో తెలియడానికి గరిష్ఠం కావాలి.

ఆగస్టు, నాలుగో వారం: బస్సులో ఉన్నవారు

నడిచే వేగంతో శిక్షణ ఇచ్చిన ఏజెంట్‌ను, రోడ్డు మీద పోయే బస్సులోని ప్రయాణికులతో పరీక్షించాను. 3.5 గిగాహెర్ట్జ్ దగ్గర గంటకు 3 కిలోమీటర్ల వేగంతో కదిలే ఫోనుకు ఛానల్ సుమారు 43 మిల్లీసెకన్ల పాటు ఒకేలా ఉంటుంది. 60 కిలోమీటర్ల వేగంలో అది 2 మిల్లీసెకన్లకు పడిపోతుంది. నా అమరికలో సీక్యూఐ 20 మిల్లీసెకన్లకు ఒకసారి వస్తుంది, అంటే బస్సులోని ఫోను పంపిన అంకె షెడ్యూలర్ వాడుకునే సరికే పాతబడి ఉంటుంది. ఏజెంట్ ఆ పాత అంకెలను నమ్మి, మంచి ఛానల్ ఉన్నవారు చాలామంది ఉన్నారనుకుని ఆల్ఫాను తగ్గించింది. ప్యాకెట్లు తప్పిపోయి, పునఃప్రసారాలు పెరిగాయి.

మార్పులు రెండు చేశాను. శిక్షణలో ప్రతి విడతకూ వేగాలను నిశ్చల స్థితి నుంచి బస్సు వేగం వరకు యాదృచ్ఛికంగా మార్చాను. ఏజెంట్ చూసే వివరాల్లో సీక్యూఐతో పాటు అది వచ్చి ఎంతసేపయిందో, ఇటీవల ఎన్ని ప్యాకెట్లు మొదటిసారే అందాయో చేర్చాను. లింక్ సర్దుబాటును (ఛానల్‌ను బట్టి ఒక్కో ఎలిమెంట్‌లో ఎన్ని బిట్లు పంపాలో మార్చడం) మాత్రం ఏఐకి ఇవ్వలేదు. ప్యాకెట్ అందితే ఒక చిన్న మెట్టు ఎక్కి, తప్పితే దానికి తొమ్మిది రెట్లు దిగే పాత పద్ధతి తప్పుల రేటును 10 శాతం దగ్గర తనంతట తానే నిలబెడుతుంది. చక్కగా పనిచేస్తున్న, రెండు లైన్లలో రాయగలిగిన పద్ధతి స్థానంలో న్యూరల్ నెట్‌వర్క్ పెట్టడానికి నాకు కారణం కనిపించలేదు.

సెప్టెంబరు, రెండో వారం: బల్ల మీద రేడియో

ఇప్పటివరకు అంతా సిమ్యులేషన్. ఈ వారం సాఫ్ట్‌వేర్‌తో నడిచే రెండు యూఎస్‌ఆర్‌పీ బీ210 రేడియోలను బల్ల మీద పెట్టి, ఓపెన్‌ఎయిర్‌ఇంటర్‌ఫేస్ అనే 5జీ సాఫ్ట్‌వేర్‌తో ఒకదానిని బేస్ స్టేషన్‌గా, రెండోదానిని ఫోనుగా నడిపాను. లైసెన్సు అవసరమైన బ్యాండులో అది లేకుండా గాలిలోకి ప్రసారం చేయకూడదు కనుక యాంటెన్నాలు పెట్టకుండా రెండింటినీ కోయాక్సియల్ కేబుల్‌తో కలిపి, మధ్యలో అటెన్యుయేటర్లు (సిగ్నల్‌ను బలహీనపరిచే భాగాలు) బిగించాను. అటెన్యుయేటర్ లేకుండా నేరుగా కలిపితే స్వీకరించే భాగం దెబ్బతినే ప్రమాదం ఉంది కాబట్టి, ఈ పని చేయబోయేవారు విద్యుత్తు ఇచ్చే ముందు బిగింపులన్నీ ఒకసారి వేలితో తడిమి చూసుకోవడం మంచిది. డెసిబెల్స్ పెంచుతూ పోతే సీక్యూఐ ఒక్కో మెట్టూ దిగుతుంది; ఊరి చివరి ఇల్లు బల్ల మీదికే వచ్చినట్టు.

ఓపెన్‌ఎయిర్‌ఇంటర్‌ఫేస్‌లో షెడ్యూలర్ కోడ్ చదవడం మంచి అనుభవం. ప్రతి ఫోనుకూ ఈ స్లాట్‌లో పంపగల బిట్లను గడచిన సగటు వేగంతో భాగించే వరస ఒకటుంది. నాకు కావలసినదల్లా ఆ హారానికి ఆల్ఫా ఘాతం చేర్చడం, ఆల్ఫాను బయటి నుంచి మార్చే వీలు కల్పించడం. ఆ సంకేతాన్ని మోయడానికి ఫ్లెక్స్‌రిక్ అనే ఓ-రాన్ తరహా నియంత్రికను వాడుతున్నాను. ఒకే ఫోను ఉన్నప్పుడు ఆల్ఫా ఎంతైనా ఫలితం ఒకటే కాబట్టి, ప్రస్తుతానికి ఈ బల్ల మీద పరీక్షించగలిగినది సంకేతం సకాలంలో చేరుతోందా, షెడ్యూలర్ తడబడకుండా అందుకుంటోందా అన్నదే. రెండూ సజావుగా ఉన్నాయి. నియంత్రిక నుంచి సెకను పాటు ఏ కబురూ రాకపోతే ఆల్ఫా తిరిగి ఒకటికి వచ్చేలా రక్షణ పెట్టి, నియంత్రికను కావాలని ఆపి చూశాను. డౌన్‌లోడ్ ఆగకుండా సాగింది.

సెప్టెంబరు, చివరి వారం: ఎక్కడ గెలిచింది, ఎక్కడ లేదు

తుది పోలికలో వంతులవారీ షెడ్యూలర్, గరిష్ఠ వేగ షెడ్యూలర్, ప్రొపోర్షనల్ ఫెయిర్ మూడింటితో పాటు నాలుగో పోటీదారును కూడా పెట్టాను: ముందుగానే వెతికి పట్టుకున్న, మారని ఆల్ఫా. చాలా పత్రాల్లో ఈ నాలుగోది కనిపించదు. అది లేకుండా ఏఐ గెలిచిందంటే, మారుతూ ఉండే నిర్ణయం గెలిచిందో, కేవలం మంచి అంకె ఒకటి దొరికిందో తెలియదు. అన్నిటికీ ఒకే ఛానల్, ఒకే ట్రాఫిక్ వచ్చేలా యాదృచ్ఛిక విత్తనాలను (యాదృచ్ఛిక అంకెలను పుట్టించే ఆరంభ విలువలను) కూడా ఒకటే ఉంచాను.

రద్దీ నిలకడగా ఉన్నంతసేపు ఏజెంట్‌కూ, మారని ఉత్తమ ఆల్ఫాకూ చెప్పుకోదగ్గ తేడా లేదు. అలాంటి సెల్‌కు ఏఐ అవసరమని నేను చెప్పలేను. సాయంత్రం వేళలా రద్దీ ఒక్కసారిగా పెరిగి తగ్గే ట్రాఫిక్‌లో తేడా వచ్చింది. దగ్గరి ఫోన్ల పెద్ద ఫైళ్లు పేరుకుపోయినప్పుడు ఏజెంట్ కొద్దిసేపు ఆల్ఫాను తగ్గించి, వాటిని త్వరగా ముగించి, సెల్‌ను ఖాళీ చేస్తుంది; చివరి ఇంటి సందేశం ఎదురుచూడటం మొదలుకాగానే ఆల్ఫాను 2 వైపు నెడుతుంది. ఏ మారని అంకె అయినా ఈ రెండిటిలో ఒకదానికే సరిపోతుంది. చిన్న సందేశాల నిరీక్షణ, అట్టడుగు 5 శాతం మంది వేగం, రెండింటిలోనూ ఏజెంట్ మిగతా నాలుగింటి కంటే ముందుంది. మొత్తం వేగంలో గరిష్ఠ వేగ షెడ్యూలర్ కంటే బాగా వెనకబడింది, అలా వెనకబడటానికి నేను సమ్మతించే రివార్డ్ రాశాను.

తరువాతి పని అప్‌లింక్. ఊరి చివర నుంచి ఫొటో పంపే ఫోనుకు అడ్డు పడేది టవర్ వాటా మాత్రమే కాదు, ఫోను ప్రసార శక్తి కూడా. ఆ శక్తిని తక్కువ బ్లాకుల్లోకి కుదిస్తేనే సిగ్నల్ టవర్ దాకా నిలుస్తుంది. కాబట్టి అక్కడ ఎవరికి స్లాట్ ఇవ్వాలన్నదానితో పాటు ఎన్ని బ్లాకులు ఇవ్వాలన్నదీ కలిపి తేల్చాలి, ఆల్ఫా ఒక్కటీ చాలదు. బల్ల మీదికి రెండో ఫోనుగా నడిపే మూడో రేడియో వచ్చాక, డౌన్‌లింక్ ఆల్ఫాను నిజమైన పోటీలో ఒకసారి సరిచూసుకుని ఆ పని మొదలుపెడతాను.